మూడో సందర్భం

టైలరమ్మ ప్యాంటు నడుము కుట్టు విప్పుతోంది. పక్కగదిలో మంచం మీద ఆమె మొగుడి శవం ఉంది. పలకరించడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయి ముక్కున వేలేసుకుంటున్నారు.

"ఇదేం మనిషమ్మా, మొగుడు పోయిన పూట మిషను ముందు కూర్చుంది!" అంది ఎదురింటావిడ, వినపడకూడదు అన్నట్టుగానే వినపడేలా.

"ఏడవడానికి ముందుముందు బోలెడంత కాలం ఉంది వదినా. దీనికి మధ్యాహ్నం దాకానే టైముంది," అంది టైలరమ్మ దారం పంటితో తెంపుతూ.

ఆ ప్యాంటు ఆయన యూనిఫాంది. వీధిలో ఆయన్ని అందరూ మిలిటరీ అనే పిలిచేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుందని పోస్టుమాన్‌కి తప్ప ఇంకెవరికీ తెలీదు. సైన్యం నుంచి బయటికొచ్చి చాలా ఏళ్ళయింది. ఇంటి తిండి ఒంటికి పట్టి పొట్ట పెరిగినప్పుడల్లా ఆమె ఆ నడుము కుట్టు విప్పి, లోపల మిగిలిన గుడ్డలోంచి కాస్త వదిలి మళ్ళీ కుట్టేది. "ఇంక గుడ్డ లేదు మహానుభావా, నోరైనా కట్టుకోండి, పరేడైనా మానుకోండి" అని సాధించేది. "నువ్వు వండటం మానెయ్, నేను తినటం మానేస్తా" అనేవాడాయన.

ఇప్పుడు ఊపిరితిత్తుల జబ్బు మనిషిని పీల్చి పిప్పి చేసింది. వదులు చేసిన చేతులే మళ్ళీ బిగించాలి. ఎంత బిగించాలో టేపు పెట్టి చూసుకుంటే, సైన్యం వాళ్ళ దర్జీ వేసిన మొదటి కుట్టు ఆనవాలు దగ్గరికే వచ్చి ఆగింది. పెళ్ళినాటి నడుము. ఆ ఆనవాలు మీదే ఆమె సూది గుచ్చింది.

సైన్యం వదిలినవాడు యూనిఫాం ఎప్పుడు వేసుకోవచ్చో ఆమెకి కంఠతా వచ్చు. చెవిలో జోరీగలా ఆయన ఎన్నిసార్లు చెప్పాడో! స్మారకదినం నాడు అమరుల స్తూపం దగ్గర పరేడుకి వేసుకోవచ్చు. తోటి సిపాయి పోతే సాగనంపడానికి వేసుకోవచ్చు. తను పోయినప్పుడు వేసుకోవచ్చు. కొలువుకీ, వ్యాపారానికీ, ఓట్ల మీటింగుకీ వేసుకున్నాడో, మాజీ సైనికుల సంఘం ఆ హక్కు పీకేస్తుంది. "మొదటి రెండూ నేనే వేసుకుంటానే. మూడోదానికి మాత్రం నువ్వే తొడగాలి. కాలరు కింద ముడత పడకుండా చూడు" అనేవాడు. "అబ్బ, పొద్దున్నే ఆ మాటలేమిటండీ" అని ఆమె కసిరేది. కసురుతూనే పెట్టెలో కలరా ఉండలు మార్చేది. ఆ బట్టలకున్న మర్యాద ఇంట్లో తనకెప్పుడూ దక్కలేదని ఆమెకి కడుపులో ఒక మంట కూడా ఉండేది, అది వేరే సంగతి.

ఆ మర్యాదంతా మంటగలిపినవాడు పరుపుల షోరూం ఓనరు.

మిలిటరీ ఆ షోరూం గేటు దగ్గర కాపలాగా చేరాడు. షోరూం వాళ్ళ డ్రస్సు ఒకటుంది, ఎర్రకోటు, భుజాల మీద బంగారు తాళ్ళు. బ్యాండువాడిలా ఉన్నారని ఆమె నవ్వితే, "బ్యాండువాడికి కనీసం బ్యాండుంటుంది" అని ఆయనా నవ్వాడు. ఓనరుకి మాత్రం ఆ ఎర్రకోటు ఆనలేదు. అసలు యూనిఫాం ఇంట్లో పెట్టుకుని ఈ వేషమేంటి తాతా, పతకాలు పెట్టుకుని గేట్లో నిలబడితే జనం ఎగబడరా అని వెంటపడ్డాడు. మిలిటరీ ససేమిరా అన్నాడు. ఇంకోసారి అడిగితే గేటు నువ్వే కాసుకో అన్నాడు. ఓనరు ఇకిలించి ఊరుకున్నాడు. అలా ఇకిలించేవాళ్ళని నమ్మకూడదని టైలరమ్మ ముందే అంది, కానీ ఆ ఇంట్లో ఆమె మాట ఎప్పుడు చెల్లింది గనక!

కిందటి స్మారకదినం నాడు తెల్లారకముందే ఆయన యూనిఫాంలో స్తూపం దగ్గరికి వెళ్ళాడు. పరేడు, ఉపన్యాసాలు, మళ్ళీ పరేడు. ఎండలో నిలబడి నిలబడి మోకాళ్ళు వాచిపోయాయి. మధ్యాహ్నం షోరూంలో డ్యూటీ. ఎర్రకోటు అక్కడి బీరువాలోనే ఉంటుంది, వెళ్ళి మార్చుకుంటే సరిపోతుంది కదా అని తిన్నగా షోరూంకే పోయాడు. స్తూపానికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ యూనిఫాం ఒంటిమీద ఉండొచ్చు, అదీ రూల్లో ఉంది. మధ్యలో ఎక్కడా కూర్చోకూడదని మాత్రం రూల్లో లేదు, ఆయన ఖర్మ.

"కాళ్ళు వాచిపోయాయి తాతా, ఒక్క నిమిషం కూర్చో. బీరువా తాళం తెస్తున్నా" అన్నాడు ఓనరు. కుర్చీలన్నీ కస్టమర్లు ఆక్రమించారు. ఖాళీగా ఉన్నది ఒక్కటే, రోడ్డుకి కనపడేలా అద్దాల వెనక పెట్టిన పెద్ద పరుపు. మిలిటరీ దాని అంచున కూర్చున్నాడు. తాళం రాలేదు. ఏసీ చల్లగా ఉంది. అరవై దాటిన మనిషి, తెల్లారకముందు లేచిన మనిషి, అంచున కూర్చున్నవాడు పక్కకి ఒరిగాడు.

వారం తిరక్కుండా ఊరి పెద్దరోడ్డు మీద, షోరూం ఎదురుగా, మూడంతస్తుల ఎత్తున హోర్డింగు లేచింది. పతకాలతో, బూట్లతో, పూర్తి యూనిఫాంలో మిలిటరీ పరుపు మీద పడుకుని ఉన్నాడు. కింద ఇంతలావు అక్షరాలు: 'దేశానికి కాపలా కాసిన కళ్ళు మా పరుపు మీద మూతపడ్డాయి.'

టైలరమ్మ కత్తెర చేతిలో ఉండగానే షోరూంకి పరిగెత్తింది. "సిగ్గూ ఎగ్గూ ఉందా నీకు? ఎవర్నడిగి పెట్టావు?" అని గుడ్లురిమింది. ఓనరు ఏసీలో కూర్చుని చల్లగా, "మీ ఆయన్ని ఊరంతా తలెత్తి చూస్తోంది పిన్నీ, సంతోషించక తిడతారేంటి?" అన్నాడు. బోర్డు తియ్యమంటే సీజను అయ్యేదాకా కుదరదన్నాడు. సీజను ఎప్పుడవుతుందంటే ఇకిలించాడు. మిలిటరీ ఆ రోజే ఎర్రకోటు గేటుకి తగిలించి ఇంటికొచ్చేశాడు.

సంఘం మీటింగు పెట్టింది. సెక్రటరీ వేరెవరో కాదు, మిలిటరీతో ఒకే టెంటులో ఏళ్ళ తరబడి పడుకున్నవాడు. టైలరమ్మని చెల్లెమ్మా అనేవాడు. ఈ ఇంట్లో భోజనానికి కూర్చుంటే, "చెల్లెమ్మా, వీడితో ఎలా వేగుతున్నావమ్మా? నిద్రలో ఎడమ పిడికిలి గుండె మీద బిగించి, ఏది దొరికితే అది తుపాకీ పట్టీ అనుకుని పట్టుకుంటాడు. టెంటులో నా దుప్పటి కూడా వదిలేవాడు కాదు" అని నవ్వించేవాడు. నిజమే. పెళ్ళయిన దగ్గర్నుంచీ చలికాలం అంతా ఆమె దుప్పటి లేకుండానే గడిపింది. అలాంటి సెక్రటరీ ఆ మీటింగులో లేచి నిలబడి అడిగాడు: "తెలిసే పడుకున్నావా? ఫొటో కోసం?"

"తెలిసే పడుకున్నాను," అన్నాడు మిలిటరీ.

అంతే. యూనిఫాం అమ్ముకున్నాడన్నారు. ఇకమీదట ఏ సందర్భానికీ వేసుకోడానికి వీల్లేదన్నారు. చేతులెత్తమంటే చేతులన్నీ లేచాయి. అందరికంటే ముందు లేచింది సెక్రటరీ చెయ్యి.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది. "మతి గానీ పోయిందా మీకు? వాడు మోసం చేసి తీశాడని ఒక్క ముక్క చెబితే పోయేది కదా!"

"ఏమని చెప్పమంటావే? యూనిఫాంలో నిద్రపోయానని చెప్పమంటావా?"

"చెబితే ఏం? కాళ్ళు లాగుతున్న మనిషి కునుకు తీస్తే కొంపలంటుకున్నాయా?"

ఆయన నెమ్మదిగా చెప్పాడు. కొండల్లో ఉన్నప్పుడు ఒక కుర్రాడు కాపలాలో కునుకు తీశాడు. ఏ ప్రమాదమూ జరగలేదు. అయినా మిలిటరీయే వెళ్ళి పైవాళ్ళకి చెప్పాడు. అందరి ముందూ వాడి బెల్టు విప్పించారు. వాడు, "అన్నా, ఒక్క క్షణమే అన్నా" అని ఏడ్చాడు. "కాపలాలో నిద్రపోయినవాడు మనిషే కాదు" అని మిలిటరీ అందరికీ వినపడేలా అన్నాడు. ఆ మాట విన్నవాళ్ళలో సగంమంది ఇవాళ సంఘంలో కూర్చున్నారు.

"మీరు కాపలాలో లేరు కదండీ. పరుపుల షాపులో ఉన్నారు."

"ఒంటిమీద యూనిఫాం ఉంది. అమ్ముకున్నాడంటే తిట్టుకుంటారే. తిట్టుకోనీ. నిద్రపోయాడంటే నవ్వుతారు." "ఈ మాట గడప దాటిందో, నేను నీకు లేనట్టే అనుకో."

ఇదెక్కడి పౌరుషమో ఆమెకి అర్థంకాలేదు. దొంగ అనిపించుకోడానికి సిద్ధపడ్డాడు గానీ, అలిసిపోయాడు అనిపించుకోడానికి సిద్ధపడలేదు. మొండిఘటం. తలకాయ గోడకేసి కొట్టుకున్నా ఒకటే అనిపించి, ఆమె ఆ మాటని కడుపులో పెట్టేసుకుంది.

ఆ తర్వాత ఆయన యూనిఫాం పేరెత్తలేదు. జబ్బు ముదిరింది. ఊపిరి అందక గోడకి ఆనుకుని కూర్చునేవాడు. పోయేముందు ఒకరోజు మాత్రం ఆమెని చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి అడిగాడు: "కాలరు కింద ముడత పోయిందా?"

అందుకే ఆమె ఇప్పుడు మిషను ముందు కూర్చుంది.

"అమ్మా, ఇంకెంతసేపు?" అంటూ కూతురు వచ్చింది. ఆసుపత్రిలో నర్సు, తండ్రి కోపమంతా పుణికిపుచ్చుకుంది ఆ పిల్ల. "వేసేద్దాం అమ్మా. సంఘం లేదు, గింఘం లేదు. ఎవడొచ్చి విప్పుతాడో నేనూ చూస్తా."

"దొంగచాటుగా తొడిగితే మీ నాన్న లేచి తనే విప్పేసుకుంటాడు. ఆయన సంగతి తెలీదూ నీకు?" అంది తల్లి. "మీ సెక్రటరీ మావయ్య రానీ. ఆయన నోటితో సరే అనిపిస్తా."

సెక్రటరీ రానే వచ్చాడు. మామూలు చొక్కా, నెత్తిన టోపీ లేదు. తోటి సిపాయిని సాగనంపడానికి యూనిఫాంలో రావలసిన మనిషి, ఈ సిపాయికి ఆ మర్యాద లేదు గనక అలా వచ్చాడు. మంచం దగ్గర నిలబడ్డాడు. "ఒరేయ్" అన్నాడు. ఆ ఒక్క మాటే. భుజాలు కదిలిపోయాయి. టైలరమ్మకి ఆ ఏడుపు చూసి జాలీ వేసింది, వీపు మీద ఒకటి వెయ్యాలనీ అనిపించింది.

తర్వాత ఆయన ఈ గదిలోకొచ్చి ఇస్త్రీ చేసి ఉన్న చొక్కా చూశాడు. పతకాలు తళతళా మెరుస్తున్నాయి.

"వద్దమ్మా," అన్నాడు.

"ఎందుకొద్దు అన్నయ్యా? మీ రూల్లో మూడోది ఉందిగా."

"వాడు అమ్ముకున్నాడు చెల్లెమ్మా. నేను కాదు, వాడే చెప్పాడు, అందరి ముందూ. ఆ బోర్డు నేను కళ్ళతో చూడలేదు, చూడను కూడా. ఆ రోడ్డున పోవాల్సి వస్తుందని ఊరంతా చుట్టి వస్తున్నాను ఇన్నాళ్ళూ. వాళ్ళూ వీళ్ళూ చెబితే వినలేక చెవులు మూసుకున్నాను." ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "కాదని ఒక్క మాట అంటాడేమోనని ఆ రోజు వాడి మొహంలోకే చూశాను. అనలేదు."

అసలు మాట టైలరమ్మ నోటిదాకా వచ్చింది. నాలుక చివర నిలబడింది.

సెక్రటరీ తలెత్తాడు. గొంతు తగ్గించాడు. "ఏదో జరిగే ఉంటుంది. నాకు తెలుసు వాడు. నీకేమైనా చెప్పాడా? వాడు తెలియక ఇరుక్కున్నాడని నువ్వొక్క మాట చెప్పు, చాలు. కమిటీ అంతా ఊళ్ళోనే ఉంది, గంటలో కూర్చోబెడతాను. ఎలా ఇరుక్కున్నాడో అందరికీ వివరంగా చెప్పాలి, అంతే. మధ్యాహ్నానికి నేను జెండా తెస్తాను. నేనూ యూనిఫాం వేసుకొస్తాను. అందరం వేసుకొస్తాం."

"అందరికీ చెప్పాలా?"

"చెప్పాలి మరి. చేతులెత్తింది అందరూ కదా."

"మీ ఒక్కరికి చెబితే?"

"నా ఒక్కడి చేతిలో ఏముందమ్మా!"

కూతురు గుమ్మంలో నిలబడి, చెప్పమ్మా అన్నట్టు చూస్తోంది. ఆ పిల్లకి కూడా తెలీదు ఏం చెప్పాలో. టైలరమ్మ పక్కగదిలోకి చూసింది. మంచం మీద ఆయన ఎడమ చెయ్యి గుండె మీదే ఉంది. కానీ పిడికిలి విచ్చుకుని ఉంది, మొదటిసారి. ఏదీ పట్టుకోకుండా.

సంఘం హాలు ఆమెకి కళ్ళముందు కనిపించింది. వరసగా కుర్చీలు, కొండల్లో ఆయనతో ఉన్నవాళ్ళు. "నిద్రపోయాడట" అని ఒకడంటాడు. ఇంకొకడు ఆ కుర్రాడి బెల్టు గుర్తుచేస్తాడు. ఎవరో ఒకడు నవ్వుతాడు, తప్పక నవ్వుతాడు. ఆ నవ్వుతోనే వచ్చి జెండా కప్పుతారు. యూనిఫాం ఒంటిమీదికొస్తుంది. దేనికోసం ఆయన దాన్ని వదులుకున్నాడో అది పోతుంది.

చచ్చి కూడా నన్ను ఇరకాటంలో పెట్టావు కదయ్యా అనుకుంది. జన్మలో మొదటిసారి మొగుణ్ణి నువ్వు అంది, అదీ మనసులో.

"నాకేం చెప్పలేదు అన్నయ్యా," అంది పైకి. "తెలిసే పడుకున్నాడు."

సెక్రటరీ మొహం వాడిపోయింది. ఏదో ఆశతో వచ్చిన మనిషి అని ఆమెకి అప్పుడర్థమయింది. అర్థమయి ఏం లాభం! కూతురు విసురుగా వెళ్ళిపోయింది.

టైలరమ్మ ప్యాంటు మీద మిగిలిన కుట్టు వేసింది. వదిలెయ్యొచ్చు, ఎవరికోసమింక? కానీ సగంలో ఆపిన పని ఆమె చేతికి పడదు. పూర్తిచేసి, మడతపెట్టి, చొక్కాతో పాటు పెట్టెలో పెట్టింది. బీరువాలోంచి తన చేత్తో కుట్టిన తెల్లచొక్కా తీసింది. తొడుగుతుంటే ఆయన మెడ కింద చెయ్యిపెట్టి కాలరు రెండుసార్లు సరిచేసింది. ముడత లేదు.

శ్మశానానికి పోవాలంటే పెద్దరోడ్డు ఒక్కటే దారి. పక్క వీధుల్లో పాడె తిరగదు. నలుగురు మోస్తున్నారు, వెనక కూతురు, సెక్రటరీ, వీధివాళ్ళు. టైలరమ్మ పాడె పక్కనే నడిచింది. మలుపు దగ్గరే సెక్రటరీ తల దించుకున్నాడు. షోరూం వాడు మర్యాద చేస్తున్నట్టు షట్టరు సగం దించాడు. మిగతా సగంలోంచి కస్టమర్లు వంగి చూస్తున్నారు.

సరిగ్గా అక్కడే మోసేవాళ్ళలో ఒకడు భుజం మార్చుకోవాలన్నాడు. అందరూ ఆగారు.

టైలరమ్మ తలెత్తింది. ఇంతకాలం ఆ బోర్డు కనపడితే కడుపు రగిలిపోయేది. ఇవాళ ఏదీ రగల్లేదు. తను పొద్దుటినుంచీ ఎలా పడుకోబెట్టాలనుకుందో ఆయన అలాగే ఉన్నాడు పైన. యూనిఫాంలో, పతకాలతో, కళ్ళు మూసుకుని. కింద తెల్లచొక్కాలో ఉన్నాడు. ఈ ఊళ్ళో ఆయన్ని యూనిఫాంలో ఉండనిచ్చింది ఆ పరుపులవాడొక్కడే అనిపించింది ఆమెకి.

ఆమె పైకి చూడటం చూసి సెక్రటరీ కూడా, ఆపుకోలేక, తలెత్తాడు. మొదటిసారి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. టోపీ పక్కకి జారి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఎడమ చెయ్యి గుండె మీద పిడికిలి బిగిసి ఉంది. ఆ పిడికిట్లో, పరుపుకి కట్టిన ధర చీటీ తాడు.

"చెల్లెమ్మా," అన్నాడు. గొంతు మారిపోయింది. "ఆ పిడికిలి..."

"నడవండి అన్నయ్యా."

"అది ఫొటో కోసం పడుకోవటం కాదు. టెంటులో నేను రోజూ చూసిందే. వాడు నిజంగా నిద్రపో..."

"గట్టిగా అనకండి," అంది టైలరమ్మ, పాడె మీద చెయ్యి వేసి. "జనం ఉన్నారు. ఆయనకి ఇష్టం ఉండదు."

సెక్రటరీ పాడె వైపు తిరిగాడు. చెయ్యి నుదుటి దాకా లేవబోయింది. నెత్తిన టోపీ లేదని, టోపీ లేనిదే సెల్యూట్ లేదని గుర్తొచ్చి కిందికి దిగిపోయింది. మోసేవాడు భుజం మార్చుకోవడం అయిపోయింది, పాడె మళ్ళీ కదిలింది.